పరిపాలన ఒక పేపరు, హక్కులు ఇంకో పేపరా? - ఆచార్య హరగోపాల్‌ను తిరుపతి నుంచి చదవడం

మా ఇంట్లో ఒక రేకుపెట్టె ఉంది. దాని అడుగున మడతలు పడి చిరుగు పట్టిన డి.కె.టి. పట్టా ఒకటి ఉంటుంది. మా తాత పేరు మీద ఇచ్చింది, ఎకరన్నర. పట్టా మా పెట్టెలో ఉంది గానీ భూమి మాత్రం ఊళ్ళోవాళ్ళ మామిడితోటలో కలిసిపోయి ఉంది. దానికోసం మా నాయన తిరిగిన తిరుగుళ్ళకు లెక్క లేదు. పోయిన ప్రతిసారీ ఒకటే జవాబు: "కాగితం నీదే గానీ స్వాధీనంలో నువ్వు లేవు గదప్పా." స్వాధీనంలో ఎందుకు లేమో ఆ ఆఫీసులో ఎవరూ అడగలేదు.

మా ఇంట్లో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. రాజనీతిశాస్త్రం ఎం.ఏ.లో చేరితే ప్రభుత్వ పాలన ఒక పేపరు, మానవ హక్కులు ఇంకో పేపరు. మొదటిదాంట్లో టేలర్, వెబర్, రిగ్స్ వచ్చారు. రెండోదాంట్లో మాగ్నాకార్టా, ఫ్రెంచి విప్లవం, 1948 డిసెంబరు 10 నాటి సార్వత్రిక ప్రకటన వచ్చాయి. రెండింట్లోనూ మార్కులు బాగానే వచ్చాయి. మా నాయన పట్టా ఏ పేపరు కిందికి వస్తుందో మాత్రం అర్థం కాలేదు. అది పాలనా సమస్యా, హక్కుల సమస్యా? పాలన అంటే దస్త్రాలు సరిచేసుకుంటే చాలు. హక్కు అంటే ఎవడు లాక్కున్నాడో చెప్పాలి. పరిశోధనకు వచ్చాక ఈ ప్రశ్న పట్టుకుని వెదుకుతుంటే, ఈ రెండు పేపర్లనూ ఒకే జీవితంలో కలిపి చదివిన రాజనీతి శాస్త్రవేత్తగా ఆచార్య జి. హరగోపాల్ కనిపించారు. ఆయన మన వాడ నుంచి వచ్చినవారు కాదు, మన రాయలసీమవారూ కాదు. అయినా ఆయన విద్యాజీవితం మనలాంటి పరిశోధకులకు ఎందుకు కావాలో, ఎక్కడ చాలదో చెప్పడమే ఈ వ్యాసం పని.

మొగిలిగిద్ద నుంచి వరంగల్‌కు

హరగోపాల్ పాత మహబూబ్‌నగర్ జిల్లా మొగిలిగిద్దలో పుట్టారు. వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయంలోనూ ఆ తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ రాజనీతిశాస్త్రం చెప్పారు. ఆయన తొలి పెద్ద పుస్తకం 1980లో వచ్చిన 'అడ్మినిస్ట్రేటివ్ లీడర్‌షిప్ అండ్ రూరల్ డెవలప్‌మెంట్ ఇన్ ఇండియా'. పేరు చూస్తేనే తెలుస్తుంది, ఆయన మొదలుపెట్టింది పరిపాలన దగ్గర, గ్రామీణాభివృద్ధి దగ్గర. ఆ కాలంలో పాలనాశాస్త్రం దేశమంతటా అడిగిన ప్రశ్న ఇదే: ఇన్ని పథకాలు పెడుతున్నాం, పల్లెకు ఎందుకు చేరడం లేదు? దానికి దొరికిన జవాబులు కూడా ఎక్కువగా ఆఫీసు లోపలివే. శిక్షణ తక్కువ, సమన్వయం తక్కువ, నాయకత్వం తక్కువ.

అయితే ఆయన పాఠం చెప్పిన ఊరు వరంగల్. 1975 నుంచి 1977 దాకా ఎమర్జెన్సీ. అది ఎత్తేశాక, ఆ రోజుల్లో జరిగిన ఎన్‌కౌంటర్ల మీద 1977లో తార్కుండే కమిటీ విచారించింది. ఆ తర్వాత జస్టిస్ భార్గవ కమిషన్ కూర్చుంది. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం అప్పటికే పనిచేస్తోంది. 1985 సెప్టెంబరు 3న ఆ సంఘం నాయకుడు, పిల్లల వైద్యుడు డాక్టర్ రామనాథాన్ని వరంగల్‌లోనే కాల్చి చంపారు. అదే కాకతీయలో గణితం చెప్పిన కె. బాలగోపాల్ ఉద్యోగం వదిలేసి పూర్తిగా హక్కుల పనిలోకి వచ్చారు. ఇలాంటి ఊళ్ళో పాలన గురించి రాసేవాడు, పథకం ఎందుకు చేరలేదు అనే ప్రశ్నతోనే ఆగిపోవడం కష్టం. పల్లెకు రోడ్డు వేయలేని ప్రభుత్వం అదే పల్లెకు పోలీసు వ్యాను మాత్రం వేళకు ఎట్లా పంపగలుగుతోంది? ఇది కూడా పాలన గురించిన ప్రశ్నే. హరగోపాల్ చదువు హక్కులవైపు తిరగడాన్ని నేను ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకుంటాను. ఆయన పాలనను విడిచిపెట్టి హక్కులకు పోలేదు. పాలన అనే వస్తువునే దెబ్బ తిన్నవాడి వైపు నుంచి చదవడం మొదలుపెట్టారు.

కారంచేడు అడిగిన ప్రశ్న

ఇక్కడ మన చరిత్ర వచ్చి చేరుతుంది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. 1987లో నీరుకొండ, 1991 ఆగస్టు 6న చుండూరు. చుండూరులో ఎనిమిదిమంది దళితులను నరికి, గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. అప్పటిదాకా పౌరహక్కుల ఉద్యమం ప్రధానంగా రాజ్యాన్ని చూస్తోంది. హక్కుల్ని కాలరాసేది పోలీసు, లాకప్పు, తుపాకి. కారంచేడులో చంపింది పోలీసులు కాదు, ఊరు. పక్కింటివాడు, భూమిగలవాడు, ఓటు అడగడానికి వచ్చేవాడు. రాజ్యం వెనకాల నిలబడి చూసింది, ఆలస్యంగా వచ్చింది, కేసును నీరుగార్చింది. చుండూరు కేసునే చూడండి. 2007 జులైలో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఎనిమిదిమంది చనిపోయినమాట నిజం, చంపినవాడు మాత్రం కాగితంలో ఎవడూ లేడు. మా తాత పట్టా కూడా ఇలాంటిదే. కాగితం నిజం, లాక్కున్నవాడి పేరు ఎక్కడా లేదు.

హక్కుల ఉద్యమం ఈ ప్రశ్నకు జవాబు వెదుక్కోక తప్పలేదు. 1998లో హరగోపాల్, బాలగోపాల్ కలిసి పౌరహక్కుల ఉద్యమానికీ భారత రాజ్యానికీ ఉన్న సంబంధం మీద రాసిన వ్యాసం, ప్రజాహక్కుల మీద మనోరంజన్ మహంతి తదితరుల సంపాదకత్వంలో వచ్చిన పుస్తకంలో అచ్చయింది. అదే సంవత్సరం బాలగోపాల్, ఇంకొందరు బయటికి వచ్చి మానవహక్కుల వేదిక పెట్టుకున్నారు. రాజ్యం చేసే అణచివేతతో పాటు కులం, స్త్రీ, అభివృద్ధి పేరుతో జరిగే నిర్వాసితత్వం, ఉద్యమాలు చేసే హింస, ఇవన్నీ హక్కుల లెక్కలోకి రావాలన్నది ఆ చీలిక వెనకనున్న వాదం. మన విద్యార్థులు ఆ వ్యాసాన్నీ ఆ చీలికనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒక శాస్త్రం తన హద్దుల్ని ఎవరి చావులవల్ల మార్చుకోవాల్సి వచ్చిందో తెలుస్తుంది. పౌరహక్కులు అనే మాట మానవహక్కులుగా వెడల్పు అయిందంటే దానికి వాడ చెల్లించిన మూల్యం ఉంది. సిలబస్‌లో ఆ సంగతి రాయరు.

చంద్రగిరి నుంచి వచ్చిన మాట

'గవర్నెన్స్' అనే మాటకు మా జిల్లాతో దగ్గరి చుట్టరికం ఉంది. 1989లో ప్రపంచ బ్యాంకు ఆఫ్రికా మీద రాసిన నివేదికలో అక్కడి కష్టాలకు మూలం పాలనా సంక్షోభం అంది. అక్కణ్ణుంచి ఆ మాట లోకమంతా తిరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని ఇంటింటి మాట చేసింది చంద్రగిరి మండలం నారావారిపల్లెలో పుట్టి, తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఎం.ఏ. చదివిన నారా చంద్రబాబునాయుడు. 1995 సెప్టెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. 1997 జనవరిలో జన్మభూమి, 1998లో ప్రపంచ బ్యాంకు అప్పు, 1999లో విజన్ 2020 వచ్చాయి. స్మార్ట్ ప్రభుత్వం అన్నారు. 2001లో సుపరిపాలనకు హైదరాబాద్‌లో ప్రత్యేకంగా ఒక సంస్థే పెట్టారు. మా ఊళ్ళో జన్మభూమి సభ జరిగితే అర్జీలు తీసుకున్నారని, రసీదు కూడా ఇచ్చారని మా నాయన చెప్తాడు. ఆ రసీదు కూడా ఆ రేకుపెట్టెలోనే ఉంది.

ఈ మాటలు మోగుతున్న రోజుల్లోనే, 1997లో, హరగోపాల్ 'పొలిటికల్ ఎకానమీ ఆఫ్ హ్యూమన్ రైట్స్' వచ్చింది. పేరులోనే వాదం ఉంది. హక్కులు న్యాయశాస్త్రం సొత్తు మాత్రమే కాదు, వాటికి రాజకీయార్థికం ఉంది. భూమి ఎవరిది, కూలి ఎంత, బడి ఎవరికి, బడ్జెట్ ఎటు పోతోంది అనేవి లేకుండా హక్కుల చర్చ గాలిలో ఉంటుంది. సుపరిపాలన వాదం ఫైలు ఎన్ని రోజుల్లో కదిలింది అని అడుగుతుంది. హక్కుల రాజకీయార్థికం ఆ ఫైలు కదిలితే లాభం ఎవడికి అని అడుగుతుంది. ఆ తర్వాత ఆయన పాఠశాల విద్య ప్రైవేటుపరం కావడాన్ని ఎదిరించి విద్యా పరిరక్షణ ఉద్యమంలో ఎన్నో ఏళ్ళు తిరిగారు. అదీ ఈ వాదం కొనసాగింపే. సర్కారు బడి లేకపోతే ఈ వ్యాసం రాసేవాడే ఉండడు.

అదే 1997లో ఎస్.ఆర్. శంకరన్ కన్వీనరుగా కన్సర్న్‌డ్ సిటిజన్స్ కమిటీ ఏర్పడింది. శంకరన్ గారి గురించి ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పాల్సింది లేదు. వెట్టిచాకిరీ రద్దును ఆఫీసు గదిలోంచి వాడలోకి తెచ్చిన ఐ.ఎ.ఎస్. అధికారి. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి గుర్తేడు దగ్గర నక్సలైట్లు అపహరించిన అధికారుల్లో ఆయన కూడా ఉన్నారు. పదేళ్ళ తర్వాత అదే మనిషి, నక్సలైట్లకూ ప్రభుత్వానికీ మధ్య కూర్చుని ఇద్దర్నీ ప్రశ్నించే పనికి పూనుకున్నారు. హరగోపాల్ ఆ కమిటీలో సభ్యులు. ప్రభుత్వ హింసనూ ఉద్యమకారుల హింసనూ కమిటీ రెండింటినీ తప్పుపట్టింది. మధ్యలో నలిగే పల్లె జనం జీవించే హక్కును ముందు పెట్టింది.

ఆ దారిలో మా తిరుపతి కూడా ఉంది. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర చంద్రబాబునాయుడు కాన్వాయి మీద మందుపాతరలు పేల్చారు. ఆయన గాయాలతో బయటపడ్డారు. ఏడాది తిరక్కుండానే ప్రభుత్వం మారింది. 2004 అక్టోబరులో నక్సలైటు ప్రతినిధులు హైదరాబాద్ వచ్చి ప్రభుత్వంతో ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. భూపంపిణీ ఆ బల్లమీదికి వచ్చిన అంశాల్లో ఒకటి. 2005 జనవరికల్లా చర్చలు చెడిపోయాయి. మళ్ళీ తుపాకులే.

2011 ఫిబ్రవరిలో ఒడిశాలోని మల్కన్‌గిరి కలెక్టర్ వినీల్ కృష్ణను మావోయిస్టులు పట్టుకుపోయినప్పుడు, 2012 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా కలెక్టర్ అలెక్స్ పాల్ మీనన్‌ను పట్టుకుపోయినప్పుడు, మధ్యవర్తులుగా పిలిచినవారిలో హరగోపాల్ ఉన్నారు. సుక్మాలో ఆయనతోపాటు కూర్చున్నది బి.డి. శర్మ, ఒకప్పటి బస్తర్ కలెక్టర్. ఇద్దరు కలెక్టర్లూ ప్రాణాలతో ఇల్లు చేరారు. చర్చల్లో వచ్చిన ముఖ్యమైన విషయం ఏళ్ళతరబడి విచారణ లేకుండా జైళ్ళలో మగ్గుతున్న ఆదివాసులు. పాలన మీద పుస్తకంతో మొదలైన చదువు ముప్పై ఏళ్ళకు, పాలనే బందీ అయిన చోటికి ఆయన్ని తీసుకుపోయింది. కలెక్టరు ప్రాణమూ హక్కే, పేరు తెలియని ఆదివాసీ ఖైదీ స్వేచ్ఛా హక్కే. ఈ రెంటినీ ఒకే నోటితో చెప్పగలిగినందుకే ఇరుపక్షాలూ ఆయన్ని నమ్మాయి.

అలాంటి మనిషి పేరు కూడా 2022లో ములుగు జిల్లా తాడ్వాయి పోలీసుస్టేషన్‌లో పెట్టిన ఉపా కేసులో, 150 మందికి పైగా ఉన్న జాబితాలో చేరింది. 2023 జూన్‌లో సంగతి బయటపడి గొడవయ్యాక, ఆయన పేరు తీసేయమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. పేరున్న ఆచార్యుడికి గొడవ చేసేవాళ్ళు ఉన్నారు. అదే జాబితాలోని పేరు లేనివాళ్ళ సంగతి మనం అడగాలి.

మా జిల్లా దస్త్రాలు

ఇప్పుడు మళ్ళీ మా జిల్లాకు వస్తాను. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాను 2022 ఏప్రిల్ 4న విడగొట్టి తిరుపతి జిల్లా చేశారు. హద్దులు మారాయి, దస్త్రాలు లారీలెక్కి కొత్త కలెక్టరేట్లకు పోయాయి. ఆ దస్త్రాల్లో ఏముందో చదవాల్సింది మనం.

ఒకటి, భూమి. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు భూమిని అమ్మినా కొన్నా చెల్లదని 1977లో 9వ నంబరు చట్టం వచ్చింది. భూమి చేతులు మారితే తిరిగి అసలు పట్టాదారుకు ఇప్పించాలి. ఇరవై ఏళ్ళు దాటిన భూముల మీద అసలు పట్టాదారులకు పూర్తి హక్కు ఇస్తామని 2023లో సవరణ చేశారు. వినడానికి బాగానే ఉంది. అయితే స్వాధీనంలో లేనివాడికి పూర్తి హక్కు వస్తే ఎవడు సంతోషిస్తాడో మామిడితోటలవాళ్ళకు బాగా తెలుసు. 2024 జులై 21 రాత్రి పాత చిత్తూరు జిల్లా మదనపల్లెలో సబ్ కలెక్టర్ కార్యాలయం తగలబడి భూముల ఫైళ్ళు కాలిపోయాయి. ఆ ఫైళ్ళకు సుపరిపాలన పేపరులో ఒక పేజీ కూడా లేదు.

రెండు, మాతమ్మ. పుత్తూరు, నాగలాపురం, సత్యవేడు వైపు అరుంధతీయుల ఆడపిల్లలను మాతమ్మకు వదిలే ఆచారం ఉంది. దేవదాసీ దురాచారాన్ని నిషేధిస్తూ 1988లోనే చట్టం వచ్చింది. దాదాపు 30 ఏళ్ళ తర్వాత, 2017లో, జాతీయ మానవహక్కుల కమిషన్ ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలకు నోటీసులు ఇవ్వాల్సి వచ్చింది. చట్టం ఉంది, కమిషన్ ఉంది, జిల్లా యంత్రాంగం ఉంది, మాతమ్మ కూడా ఉంది. ఇక్కడ తప్పు చేసేది రాజ్యం ఒక్కటేనా? ఊరి కొలుపూ, ఊరి మగవాళ్ళూ, మన వాడలోని పేదరికమూ, మన మౌనమూ అందులో ఉన్నాయి. ఈ మాట రాయడానికి దళిత పరిశోధకుడు జంకకూడదు.

మూడు, శేషాచలం. 2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున చంద్రగిరి దగ్గరి అడవిలో, సచ్చినోడుబండ, చీకటీగలకోన అనే రెండు చోట్ల, ఎర్రచందనం టాస్క్‌ఫోర్సు కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. తిరువణ్ణామలై, ధర్మపురి, సేలం వైపు నుంచి కూలికి వచ్చిన వాళ్ళు. చాలామంది జవ్వాది, కల్వరాయన్ కొండల ఆదివాసులు. కుటుంబానికి 5 లక్షల రూపాయలు మధ్యంతర సాయంగా ఇవ్వమని జాతీయ మానవహక్కుల కమిషన్ చెప్పింది. దుంగలు ఎవరి గోడౌనుకు పోతాయో, ఏ రేవులో ఓడ ఎక్కుతాయో ఆ వ్యాపారం చేసేవాడికి తెలుసు. అడవిలో పడి చచ్చింది గొడ్డలి పట్టుకున్నవాడు. దాన్ని శాంతిభద్రతల పేపరులో రాస్తే ఒక రకం, కూలి పేపరులో రాస్తే ఇంకో రకం. హరగోపాల్ రాజకీయార్థికం నేర్పింది ఈ రెండోది.

ఏం తీసుకోవాలి, ఏం కలపాలి

ఆయన దగ్గర మనం తీసుకోవాల్సింది స్పష్టం. పాలనను హక్కుల నుంచి విడదీసి చదవకూడదు. విశ్వవిద్యాలయంలో కూర్చున్నవాడికి కూడా అడవి దాకా, జైలు దాకా నడవాల్సిన బాధ్యత ఉంది. రాజ్యాన్ని ప్రశ్నిస్తూనే దానితో మాట్లాడవచ్చు.

మనం కలపాల్సింది ఊరూ, వాడా. అంబేద్కర్‌ను మన విశ్వవిద్యాలయాల్లో రాజ్యాంగం పాఠంలో పెడతారు. పాలన పాఠంలో పెట్టరు. ఈస్టిండియా కంపెనీ పాలన, ద్రవ్యం మీద 1915లో కొలంబియాలో సిద్ధాంత వ్యాసం రాసినవాడు, 1925లో రాష్ట్రాల ద్రవ్యవ్యవస్థ మీద పుస్తకం తెచ్చినవాడు ఆయన. మనకు మొదటి పాలనాశాస్త్రవేత్త ఆయనే. 1948 నవంబరులో, గ్రామాన్ని రాజ్యాంగానికి పునాది చేయనందుకు సంతోషిస్తున్నానన్నాడు. 1949 నవంబరు 25న, రాజకీయాల్లో సమానత్వం వచ్చినా బతుకులో అసమానత్వం మిగిలే ఉంటుందని హెచ్చరించాడు. 73వ సవరణ తర్వాత సర్పంచు కుర్చీ మనకు వచ్చింది. 1997 జూన్‌లో తమిళనాడు మేలవలవులో, రిజర్వేషన్ మీద గెలిచిన పంచాయతీ అధ్యక్షుడు మురుగేశన్‌ను నరికి చంపారు. కుర్చీ పాలన పేపరు, నరికిన తల హక్కుల పేపరు అని విడగొట్టగలమా? రాజ్యంతో మొదలుపెట్టి కులం దగ్గరికి రావడం హక్కుల ఉద్యమం నడిచిన దారి. మన దారి ఊరితో మొదలై రాజ్యం దగ్గరికి పోతుంది. రెండు దారులూ కలిసేచోటే మన పరిశోధన ఉండాలి.

ఇంకొక మాట. హరగోపాల్ మానవహక్కుల పాఠం చెప్పిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనే 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాడు. పాఠం ఉన్నచోట కూడా చోటు లేకపోవచ్చు. హక్కుల మీద ఎంత మంచి పాఠమైనా, ఆ పాఠం చెప్పే కుర్చీలోకి వాడ నుంచి ఎందరు వచ్చారన్న ప్రశ్నకు జవాబు కాదు. వాడ పిల్లలు పరిశోధనకు వస్తే "మీ సమస్యల మీద మీరు రాస్తే నిష్పాక్షికత ఉండదు" అనే మాట నాకూ ఎదురైంది. ఊరివాడు ఊరి పాలన మీద రాస్తే ఆ మాట ఎవరూ అనరు.

అందుకే విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్పి ముగిస్తాను. మీ వాడలో ఎన్ని డి.కె.టి. పట్టాలు ఉన్నాయో, వాటిలో ఎన్ని భూములు మనవాళ్ళ స్వాధీనంలో ఉన్నాయో, ఇల్లిల్లూ తిరిగి రాయండి. సర్వే నంబరు రాయండి, సంవత్సరం రాయండి, ఇప్పుడు దున్నేవాడి పేరు రాయండి. అడంగల్ నకలు తీసుకోండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. మా వాడలో నేను మొదలుపెట్టాను, మొదటి పేరు మా తాతది. రాస్తుంటే మా నాయన పక్కనే కూర్చుని, "ఇది మీ చదువులో ఎందులోకి వస్తాది రా?" అని అడిగినాడు. రెండు పేపర్లలోకీ వస్తుందని చెప్పాను.